సర్వే రేటింగుల నుంచి జెడ్ స్కోరు కట్టడం ఎలా?

ప్రతి సెమిస్టరులోనూ పరీక్షలకు మూడు వారాల ముందు నన్ను వెతుక్కుంటూ వచ్చే ప్రశ్న ఒకటుంది. అనంతపురం, కడప, నెల్లూరు వైపు నుంచి బెంగళూరుకు వచ్చి, మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ బీకామ్, బీబీఏ, ఎంబీఏ చదువుకునే పిల్లలు కొందరు ఆదివారాలు స్టాటిస్టిక్స్ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వస్తారు. "మేడమ్, ఫార్ములా కంఠతా వచ్చు, అయినా నాకొచ్చిన జవాబూ పుస్తకం వెనకున్న జవాబూ కలవడం లేదు" అంటారు. తీరా చూస్తే తప్పు ఫార్ములాలో ఉండదు. దాని దగ్గరికి రాకముందే, అంకెలను వరసగా ఎక్కించేటప్పుడో, ఎవరి సగటు తీయాలో తేల్చుకునేటప్పుడో, దేనితో భాగించాలో ఎంచుకునేటప్పుడో జరిగిపోయి ఉంటుంది. అదే సంగతిని ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

ఉదాహరణ కోసం ఊరూ పేరూ లేని అంకెలు తీసుకోను. మా అక్క కొడుకు తన కాలేజీ ప్రాజెక్టు కోసం తానుండే పీజీలో చిన్న సర్వే చేశాడు. మెస్ భోజనానికి 1 నుంచి 10 లోపు ఎంత ఇస్తారని అడిగితే పది మంది ఇచ్చిన రేటింగులు ఇవి:

7, 3, 8, 6, 8, 4, 7, 3, 6, 8

చివరిదాకా ఈ పది అంకెలతోనే నడుద్దాం. మీరు కూడా కాగితం మీద నాతోపాటు లెక్క చేస్తూ రండి. చదివినంత మాత్రాన ఇది చేతికి రాదు.

జెడ్ స్కోరు అంటే, ఒక రేటింగు తన గుంపు సగటుకు ఏ వైపున, ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉందో చెప్పే అంకె. రేటింగులోంచి సగటును తీసివేసి, వచ్చినదాన్ని ప్రామాణిక విచలనంతో భాగిస్తే అది వస్తుంది. ప్రామాణిక విచలనం అంటే మీ కాలేజీలో స్టాండర్డ్ డీవియేషన్ అని పిలిచేదే. సిద్ధాంతం ఈ పనికి ఇంతకు మించి అక్కరలేదు.

కావలసినవి

గళ్ల కాగితం ఒకటి, వర్గమూలం తీయగల క్యాలిక్యులేటర్ ఒకటి, సర్వేలో అడిగిన ప్రశ్న యథాతథంగా రాసి ఉన్న కాగితం ఒకటి. ఈ మూడోదాన్ని ఎవరూ తీసుకురారు. స్కేలు 1తో మొదలైందా 0తోనా, 10 అంటే చాలా బాగుందనా లేక చాలా అధ్వానమనా అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది కాబట్టి అది లేకుండా లెక్క మొదలుపెట్టకండి. కంప్యూటరు ఉంటే మంచిదే, కానీ మొదటిసారి చేత్తోనే చేయండి.

1. ఎవరి మధ్య పోలుస్తున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

జెడ్ స్కోరు ఒంటరి అంకె కాదు. ఏ గుంపు సగటు, ఏ గుంపు ప్రామాణిక విచలనం తీసుకున్నామో మారితే అదే రేటింగుకు జెడ్ స్కోరు మారిపోతుంది. అందువల్ల కాగితం పైభాగాన "మెస్ భోజనం ప్రశ్నకు జవాబిచ్చిన పది మందిలో, ఒక్కొక్కరి రేటింగు మిగతావారితో పోలిస్తే ఎక్కడుంది?" అని స్పష్టంగా రాయండి. ఈ వాక్యం రాయలేకపోతే లెక్కకు ఇంకా వేళ కాలేదన్నమాట. సర్వేలో భోజనం, వైఫై, నీళ్లు అని మూడు ప్రశ్నలుంటే మూడింటికీ మూడు సగటులు, మూడు ప్రామాణిక విచలనాలు విడివిడిగా తీయాలి. ముప్పై రేటింగులనూ ఒకే కుప్పగా పోసి ఒకే సగటు తీసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

2. రేటింగులను ఏరి శుభ్రం చేయండి

బియ్యంలో రాళ్లు ఏరకుండా ఎసట్లో పోయము కదా. ఏరవలసినవి ప్రధానంగా నాలుగు.

మొదటిది, జవాబు చెప్పనివారి సున్నా. మా వాడి సర్వేలో పదకొండో కాగితం ఒకటుంది. నైట్ షిఫ్ట్ చేసే అతను మెస్‌లో తిననే తినడు, అందుకని 0 వేశాడు. స్కేలు 1 నుంచి మొదలైనప్పుడు 0 అన్నది రేటింగు కాదు, జవాబు లేకపోవడమే. దాన్ని పొరపాటున కలిపేస్తే సగటు 6 నుంచి 5.45కు దిగుతుంది, ప్రామాణిక విచలనం 2 నుంచి 2.62కు ఎగబాకుతుంది, భోజనానికి 3 ఇచ్చినవారి జెడ్ స్కోరు −1.5 ఉండవలసింది −0.94 అయి కూర్చుంటుంది. ఒక్క సున్నా వల్ల గట్టి అసంతృప్తి కాస్తా ఓ మోస్తరు అసంతృప్తిలా కనబడుతుంది. కొన్ని సర్వేల్లో జవాబు లేనిచోట 99 వేసే అలవాటుంది. అది ఇంకా ప్రమాదం. పదకొండోది 99 అయితే మిగిలిన పది మందికీ జెడ్ స్కోరు రుణాత్మకంగానే వస్తుంది, 8 ఇచ్చినవారితో సహా. ఇలాంటి గడులను ఖాళీగా వదలండి, ఎన్ని వదిలారో నివేదికలో చెప్పండి.

రెండోది, అంకెలా కనబడి అంకె కానిది. ఒకసారి నేనే ఒక విద్యార్థి షీటులో తొందరపడి "8/10" అని టైపు చేశాను. షీటు దాన్ని అక్టోబరు 8వ తేదీగా మార్చేసుకుంది. తేదీలను లోపల అది వేల అంకెలుగా దాచుకుంటుంది కాబట్టి పది మార్కుల స్కేలు మీద సగటు వేలల్లో వచ్చింది, మేమిద్దరం పావుగంట సేపు ఫార్ములానే తిట్టుకున్నాం. గడిలో 8 అని మాత్రమే రాయాలి. అలాగే, అక్షరంగా నమోదైన అంకె గడిలో ఎడమ పక్కకు ఒదిగి ఉంటుంది, అసలైన అంకె కుడి పక్కకు ఉంటుంది. ఎడమకు ఒదిగినదాన్ని సగటు ఫార్ములా లెక్కలోకి తీసుకోకుండా దాటేస్తుంది, మీకు ఆ సంగతి చెప్పదు కూడా.

మూడోది, తిరగేసి అడిగిన ప్రశ్న. "కూరల్లో నూనె మరీ ఎక్కువ" అన్న వాక్యానికి 5 ఇచ్చినవారు మెచ్చుకుంటున్నట్టు కాదు. 1 నుంచి 5 స్కేలులో 6 నుంచి, 1 నుంచి 10 స్కేలులో 11 నుంచి రేటింగును తీసివేసి తిరగరాయండి. ఇది మరిచిపోయి జెడ్ స్కోర్లు కట్టేసినా కంగారు పడనక్కరలేదు. ఆ ప్రశ్నకు వచ్చిన జెడ్ స్కోర్లన్నింటికీ ధన, రుణ గుర్తులను తారుమారు చేస్తే సరిపోతుంది, పరిమాణాలు మారవు.

నాలుగోది, పట్టికగా వచ్చిన దత్తాంశం. పరీక్షలో తరచు పది అంకెలూ విడిగా ఇవ్వరు, "3 ఇచ్చినవారు ఇద్దరు, 4 ఇచ్చినవారు ఒక్కరు, 6 ఇచ్చినవారు ఇద్దరు, 7 ఇచ్చినవారు ఇద్దరు, 8 ఇచ్చినవారు ముగ్గురు" అని ఇస్తారు. అప్పుడు 3, 4, 6, 7, 8లను కూడి 5తో భాగిస్తే 5.6 వస్తుంది. అది తప్పు. ఎంతమంది ఇచ్చారో అన్నిసార్లు ఆ రేటింగును లెక్కించాలి.

3. సగటు తీయండి

పది రేటింగుల మొత్తం 60. పది మంది కాబట్టి సగటు 6. ఇక్కడ తేలికగా పూర్ణాంకం వచ్చింది కానీ, దశాంశాలు వస్తే కనీసం నాలుగు స్థానాల వరకు ఉంచుకోండి. సగటును ఇప్పుడే సవరించేస్తే ఆ తేడా తర్వాతి మెట్లన్నింటిలోకీ పాకుతుంది. సవరింపు చివరి మెట్టులో ఒక్కసారే చేయాలి.

4. విచలనాలు, వాటి వర్గాలు

ప్రతి రేటింగులోంచి 6 తీసివేయండి, వచ్చిన తేడానే విచలనం అంటారు. గుర్తును వదలకండి.

7 → +1, వర్గం 1
3 → −3, వర్గం 9
8 → +2, వర్గం 4
6 → 0, వర్గం 0
8 → +2, వర్గం 4
4 → −2, వర్గం 4
7 → +1, వర్గం 1
3 → −3, వర్గం 9
6 → 0, వర్గం 0
8 → +2, వర్గం 4

ముందుకు వెళ్లేలోపు ఇక్కడ ఆగి విచలనాలను కూడండి. మొత్తం సున్నా రావాలి, ధనం వైపు 8, రుణం వైపు 8. రాకపోతే సగటు తప్పయినా అయి ఉండాలి, ఒక తీసివేత తప్పయినా అయి ఉండాలి. వర్గాల మొత్తం 36. క్యాలిక్యులేటర్‌లో −3 వర్గం చేసేటప్పుడు బ్రాకెట్టు పెట్టకపోతే చాలా యంత్రాలు −9 చూపుతాయి. వర్గాల వరసలో రుణ గుర్తు కనబడిందంటే కారణం అదే.

5. ప్రామాణిక విచలనం: పదితోనా, తొమ్మిదితోనా?

జవాబులు కలవకపోవడానికి అసలు కారణం పదిసార్లలో ఎనిమిదిసార్లు ఇక్కడే ఉంటుందని నా అనుభవం. అందుకే కొంచెం నింపాదిగా చెబుతాను.

వర్గాల మొత్తం 36ను 10తో భాగిస్తే 3.6 వస్తుంది, దాని వర్గమూలం 1.897. అదే 36ను 9తో భాగిస్తే 4 వస్తుంది, వర్గమూలం సరిగ్గా 2. రెండూ సరైన లెక్కలే, కానీ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఈ పది మందే మీకు కావలసిన మొత్తం గుంపు అయితే, అంటే ఆ పీజీలో ఉండేదే పది మంది అయి, వారి గురించి తప్ప మరెవరి గురించీ మీరు మాట్లాడకపోతే 10తో భాగించండి. దీన్ని జనాభా ప్రామాణిక విచలనం అంటారు. పీజీలో అరవై మంది ఉండగా వారిలోంచి పది మందిని అడిగి, ఆ పది మంది ద్వారా అరవై మంది సంగతి అంచనా కట్టాలనుకుంటే 9తో భాగించండి. ఇది నమూనా ప్రామాణిక విచలనం. ఒకటి ఎందుకు తగ్గించాలంటే, సగటును ఆ పది అంకెల్లోంచే తీశాము కాబట్టి విచలనాల మొత్తం సున్నా కాక తప్పదు, తొమ్మిది తెలిస్తే పదోది దానంతటదే తేలిపోతుంది. పుస్తకాల్లో దీనికి బెస్సెల్ సవరణ అని పేరు. పరీక్షకు ఈ ఒక్క ముక్క చాలు.

మా వాడి పీజీలో పది మందికి మించే ఉన్నారు కాబట్టి నేను 9తో భాగించి, 2నే తీసుకుంటున్నాను. పరీక్ష ప్రశ్నలో నమూనా అన్న మాట ఉంటే ఒకటి తగ్గించండి. జనాభా ప్రామాణిక విచలనం విలువను ప్రశ్నలోనే ఇచ్చేస్తే మీరు మళ్లీ కట్టకండి, ఇచ్చినదే వాడండి. ఏ మాటా లేకపోతే మీ తరగతిలో ఏ పద్ధతి చెప్పారో అదే అనుసరించి, "ఎన్ − 1తో భాగించాను" అని పక్కన ఒక్క వాక్యం రాయండి (ఎన్ అంటే రేటింగుల సంఖ్య, మనకు 10). దిద్దేవారికి ఆ వాక్యం కనబడితే మీరు తెలిసే చేశారని అర్థమవుతుంది.

క్యాలిక్యులేటర్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. క్యాసియో ఎఫ్ఎక్స్ 991 రకం కొత్త వాటిలో సిగ్మా గుర్తు ఉన్నది 10తో భాగించినది, ఎస్ అక్షరం ఉన్నది 9తో భాగించినది. పాత వాటిలో రెండింటికీ సిగ్మాయే ఉండి, కింద చిన్న అక్షరాల్లో ఒకదానికి ఎన్ అనీ రెండోదానికి ఎన్ − 1 అనీ ఉంటుంది, ఆ చిన్న అక్షరాన్ని చూడక తప్పదు.

డేటా సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లకు మరో చిక్కుంది. పైథాన్‌లో లెక్కలకు వాడే లైబ్రరీల్లో నమ్‌పై అనేది ఏమీ చెప్పకపోతే ఎన్‌తో భాగిస్తుంది, పాండాస్ అనేది ఏమీ చెప్పకపోతే ఎన్ − 1తో భాగిస్తుంది. ఒకే గదిలో ఇద్దరు ఒకే అంకెలతో చేసి రెండు జవాబులు తెచ్చుకుని, ఎవరిది తప్పని పందెం కట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇద్దరిదీ తప్పు కాదు.

పది మందిలో ఈ తేడా జెడ్ స్కోరును అయిదు శాతం పైచిలుకు మారుస్తుంది. వంద మంది ఉంటే అర శాతం దగ్గర ఆగిపోతుంది. చిన్న సర్వేలు చేసే విద్యార్థులకే ఇది పెద్ద తలనొప్పి.

6. జెడ్ స్కోరు

ఇక మిగిలింది ఒక్క భాగహారం. ప్రతి విచలనాన్నీ 2తో భాగించండి. 3 ఇచ్చినవారికి −1.5, 4 ఇచ్చినవారికి −1, 6 ఇచ్చినవారికి 0, 7 ఇచ్చినవారికి +0.5, 8 ఇచ్చినవారికి +1.

క్యాలిక్యులేటర్‌లో ఒకే వరసలో కొట్టేటప్పుడు 3 − 6 ÷ 2 అని కొట్టకండి. యంత్రం ముందు భాగహారం చేసి 0 చూపుతుంది. (3 − 6) ÷ 2 అని బ్రాకెట్టు పెట్టాలి. భాగించవలసినది ప్రామాణిక విచలనంతో, దాని వర్గమైన విస్తృతితో కాదు. తొందరలో 4తో భాగించి −0.75 రాసినవాళ్లున్నారు.

ఒకవేళ పది మందీ ఒకే రేటింగు ఇచ్చి ఉంటే ప్రామాణిక విచలనం సున్నా అవుతుంది, సున్నాతో భాగించలేము. అందరికీ జెడ్ స్కోరు 0 అని రాయడం పొరపాటు. "రేటింగుల్లో తేడా లేదు కాబట్టి జెడ్ స్కోరు నిర్వచించలేము" అని రాయాలి.

7. వచ్చినవి సరైనవో కావో చూసుకోండి

జెడ్ స్కోర్లన్నీ కూడండి. రెండు −1.5లు, ఒక −1 కలిసి −4. రెండు 0.5లు, మూడు 1లు కలిసి +4. మొత్తం సున్నా. దశాంశాలు సవరించి ఉంటే 0.01, 0.02 తేడా రావచ్చు, అంతకు మించితే వెనక్కి వెళ్లండి.

తర్వాత జెడ్ స్కోర్ల వర్గాలను కూడండి. మనకు 9 వస్తుంది. ఎన్ − 1తో భాగించినప్పుడు ఈ మొత్తం సరిగ్గా ఎన్ − 1, ఎన్‌తో భాగించినప్పుడు సరిగ్గా ఎన్ రావాలి. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇతరులు చేసిన లెక్క చేతికొచ్చినా వారు దేనితో భాగించారో అడగకుండానే చెప్పేయవచ్చు. పుస్తకం వెనకున్న జవాబుల మీద ఒకసారి ప్రయోగించి చూడండి.

మూడోది, హద్దు. ఎన్ మంది ఉన్న గుంపులో, ఎన్ − 1 పద్ధతిలో జెడ్ స్కోరు (ఎన్ − 1) ÷ √ఎన్ విలువను దాటడం సాధ్యం కాదు. పది మందికి అది సుమారు 2.85. ఎన్‌తో భాగించినా 3ను దాటదు. కాబట్టి పది మంది సర్వేలో ఎవరికైనా 3.4 వచ్చిందంటే లెక్క తప్పని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. దీనికే మరో ముఖం ఉంది. జెడ్ స్కోరు 3 దాటిన రేటింగును అసాధారణమైనదిగా పక్కన పెట్టాలని తరగతిలో చెబుతారు కదా, పది మంది సర్వేలో ఆ నియమం ఎవరినీ ఎప్పటికీ పట్టుకోలేదు. చిన్న సర్వేల్లో అంకెలను కంటితో చూడడమే మేలు.

ఈ మూడు పరీక్షలూ అంకగణితం తప్పులనే పట్టుకుంటాయి. రెండో మెట్టులో ఏరకుండా వదిలేసిన సున్నా ఉన్నా మొత్తం సున్నాయే వస్తుంది, వర్గాల మొత్తం కూడా చక్కగా సరిపోతుంది. అందుకే శుభ్రం చేసే మెట్టు మీద అంతసేపు కూర్చున్నాను.

8. వచ్చిన అంకెకు అర్థం చెప్పడం

మా వాడి సర్వేలో వైఫై మీద కూడా ప్రశ్న ఉంది, అది 1 నుంచి 5 స్కేలు. అదే పది మంది అదే వరసలో ఇచ్చినవి: 4, 3, 5, 4, 4, 4, 4, 3, 5, 4. సగటు 4, వర్గాల మొత్తం 4, 9తో భాగించి వర్గమూలం తీస్తే 0.667.

వరసలో మొదటి కుర్రవాణ్ని చూడండి. భోజనానికి 10కి 7 ఇచ్చాడు, వైఫైకి 5కి 4 ఇచ్చాడు. శాతాల్లో చూస్తే 70, 80 కాబట్టి వైఫైనే ఎక్కువ మెచ్చుకున్నాడని అనిపిస్తుంది. జెడ్ స్కోర్లలో భోజనానికి +0.5, వైఫైకి 0. అంటే వైఫై విషయంలో అతను నలుగురితో పాటు నారాయణ, భోజనం విషయంలో మాత్రం మిగతావారికన్నా కాస్త ఉదారంగా ఉన్నాడు. ఇంతవరకే చెప్పగలం. "అతనికి వైఫై కన్నా భోజనం ఎక్కువ నచ్చింది" అని రాస్తే అది ఈ అంకెలు చెప్పని మాట.

ఇంకో అడుగు తప్పు వేసినవాళ్లు, భోజనం జెడ్ స్కోర్ల సగటునూ వైఫై జెడ్ స్కోర్ల సగటునూ పోల్చి ఏది మెరుగో తేల్చబోతారు. ఆ రెండు సగటులూ ఎప్పుడైనా సున్నాయే, అలా వచ్చేలా మనమే చేశాం కదా. పీజీలో ఏది బాగుందని యజమాని అడిగితే అసలు రేటింగుల సగటులనే చూపాలి. ఎవరు నలుగురికీ భిన్నంగా ఉన్నారన్న ప్రశ్నకే జెడ్ స్కోరు జవాబు చెబుతుంది.

కొన్ని సర్వేల్లో మొదటి మెట్టులోని వాక్యమే మారాలి. ఇద్దరు కుర్రవాళ్లు ఒకే అయిదు టిఫిన్ సెంటర్లకు మార్కులు వేశారనుకోండి. కర్నూలు అబ్బాయి పిసినారి, 4, 5, 6, 3, 2 వేశాడు. నెల్లూరు అబ్బాయిది పెద్ద చెయ్యి, 8, 9, 10, 7, 6 వేశాడు. ఇక్కడ ప్రతి మనిషికీ అతని సొంత సగటు, సొంత ప్రామాణిక విచలనం తీసి జెడ్ స్కోరు కట్టాలి. ఒకరి సగటు 4, మరొకరిది 8, ఇద్దరి ప్రామాణిక విచలనమూ 1.58. మూడో సెంటరుకు ఒకరు 6, ఒకరు 10 ఇచ్చినా ఇద్దరి జెడ్ స్కోరూ +1.26. మార్కులు వేసే చెయ్యి తేడాయే తప్ప ఇద్దరి నాలుకా ఒకటే అని తేలుతుంది. అయితే ఒకరు అన్నింటినీ నిజంగానే మెచ్చుకున్నారేమో అన్న సమాచారం ఈ పద్ధతిలో పోతుంది. అది అవసరమైతే ఈ దారి పట్టకండి.

ఇక నార్మల్ పట్టిక, అంటే అంకెలు గంట ఆకారంలో పరుచుకుని ఉంటే ఏ జెడ్ స్కోరు కింద ఎంత శాతం ఉంటారో చెప్పే పట్టిక. జెడ్ స్కోరు రాగానే పుస్తకం చివరి పట్టిక తెరిచి శాతాలు చదవడం చాలామందికి అలవాటు. పట్టిక ప్రకారం −1.5 కన్నా కింద 6.68 శాతం మంది ఉండాలి. మన సర్వేలో −1.5 దగ్గరే 20 శాతం మంది ఉన్నారు, దాని కింద ఎవరూ లేరు. −1కూ +1కూ మధ్య 68 శాతం అంటారు. మన దగ్గర హద్దుల మీద ఉన్నవారిని కలిపితే 80 శాతం, కలపకపోతే 40 శాతం. సగటు తీసివేసి భాగించినంత మాత్రాన అంకెల ఆకారం మారదు, ఒక వైపు ఒరిగిన రేటింగులు ఒరిగే ఉంటాయి. దత్తాంశం నార్మల్ అని ప్రశ్నలో చెప్పినప్పుడు మాత్రమే పట్టిక తెరవండి.

రేటింగుల మీద ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని కొట్టిపారేయలేము. 1932లో రెన్సిస్ లైకర్ట్ పేరు మీద వాడుకలోకి వచ్చిన అయిదు మెట్ల ప్రశ్నల్లో, 2కూ 3కూ మధ్య దూరం 4కూ 5కూ మధ్య దూరంతో సమానమని హామీ ఏమీ లేదు. ఒకే ప్రశ్నకు అయిదు మెట్లే ఉన్నప్పుడు మధ్యగతం (మీడియన్), ఒక్కో మెట్టు మీద ఎంతమంది ఉన్నారన్న పట్టిక కూడా పక్కన ఇవ్వండి. ఏడెనిమిది ప్రశ్నల మొత్తం మీద జెడ్ స్కోరు కడితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

పరీక్షలో బాగా మార్కులు పోయే చోటు మరొకటి. "సగటు 6, ప్రామాణిక విచలనం 2 ఉన్న జనాభాలోంచి 25 మందిని తీస్తే వారి సగటు 6.8 వచ్చింది, జెడ్ ఎంత?" అన్నప్పుడు 0.8ని 2తో భాగించి 0.4 అనకండి. అది ఒక మనిషి రేటింగు 6.8 అయితే వచ్చే జవాబు. 25 మంది సగటు గురించి అడిగినప్పుడు ప్రామాణిక విచలనాన్ని √25తో, అంటే 5తో భాగించి 0.4 తెచ్చుకుని, 0.8ని దానితో భాగించాలి. జవాబు 2.

9. షీటులో చేసేటప్పుడు

గూగుల్ ఫారమ్‌లో లీనియర్ స్కేల్ ప్రశ్న పెడితే జవాబులు అంకెలుగానే షీటులోకి వస్తాయి. ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా సగటుకు యావరేజ్, నమూనా విచలనానికి ఎస్‌టీడీఈవీ డాట్ ఎస్, జనాభా విచలనానికి ఎస్‌టీడీఈవీ డాట్ పీ. చుక్క లేని పాత ఎస్‌టీడీఈవీ కూడా ఎన్ − 1తోనే భాగిస్తుంది. సగటునూ విచలనాన్నీ విడిగా రెండు గడుల్లో పెట్టి, మొదటి రేటింగు పక్కన ఫార్ములా రాసి కిందికి లాగుతారు కదా, అప్పుడు ఆ రెండు గడుల పేర్లకూ అక్షరం ముందొకటి, అంకె ముందొకటి డాలరు గుర్తు పెట్టండి. పెట్టకపోతే లాగిన కొద్దీ ఫార్ములా కిందికి జారి ఖాళీ గడులతో భాగిస్తుంది, మొదటి వరస తప్ప అన్నీ పాడవుతాయి. స్టాండర్డైజ్ అనే ఫంక్షన్ ఉంది కానీ, సగటూ విచలనమూ దానికి మీరే అందించాలి, అది ఏదీ తనంతట తాను ఎంచుకోదు.

10. నివేదికలో ఎలా రాయాలి

మా వాడు జెడ్ స్కోర్ల పట్టికను ప్రింటు తీసి పీజీ అన్నకు చూపించాడు. ఆయన −1.5 మీద వేలు పెట్టి, "ఏం తమ్ముడూ, మైనస్ మార్కులు కూడా వేశారా మనకు?" అన్నాడట, కాస్త నొచ్చుకుంటూనే. లెక్క తెలియనివారికి చూపవలసి వస్తే జెడ్ స్కోరును 10తో గుణించి 50 కలపండి. −1.5 అన్నది 35 అవుతుంది, 0 అన్నది 50, +1 అన్నది 60. దీన్ని టీ స్కోరు అంటారు. కొత్త సమాచారం ఏమీ రాదు, రుణ గుర్తు మాత్రం పోతుంది. అయితే దాన్ని నూటికి వచ్చిన మార్కులుగా చదువుకునే ప్రమాదం ఉంది కాబట్టి, 50 అంటే సగటు అని కింద రాయడం మరవకండి.

కాలేజీకి ఇచ్చే ప్రతిలో మాత్రం జెడ్ స్కోర్లే ఉంచి, ఇలా రాయండి: "మెస్ భోజనం మీద 11 మందిని అడగగా ఒకరు అక్కడ భోజనం చేయనందున వారి జవాబును లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిన 10 మంది రేటింగుల సగటు 6.00, ఎన్ − 1 పద్ధతిలో ప్రామాణిక విచలనం 2.00. 3 రేటింగు ఇచ్చిన ఇద్దరి జెడ్ స్కోరు −1.50, అంటే వారి రేటింగు ఈ గుంపు సగటుకు ఒకటిన్నర ప్రామాణిక విచలనాలు కింద ఉంది."